ముక్కలు లేని పెట్టె

బెస్సిమర్, మిషిగన్
నవంబరు 4, 1985

టిన్ లాంతర్ ఆటల కంపెనీ, ఫిర్యాదుల విభాగం వారికి,

అయ్యా,

మీరు పంపిన పెట్టె అందింది. మూత మీద బొమ్మ చాలా బాగుంది. ఒక గుట్ట, దాని మీద కోట, కోట వెనక మెరుపు, ముందు గొడ్డలి పట్టుకున్న గడ్డం మనిషి. ఆ బొమ్మ చూసే తెప్పించాను. మా అన్నయ్య ఆర్వోకి చలికాలమంతా బొమ్మ ముక్కలు పేర్చడం అలవాటు. ఇనుప గని మూతపడి ఇంట్లో కూర్చున్నప్పటి నుంచీ అదే పని. కిందటేడు మంచు కొండలు పేర్చాడు. అంతకు ముందు పడవలు.

మీ పెట్టెలో ముక్కలు లేవు. ఒకటో రెండో తగ్గితే నేను ఉత్తరం రాసేదాన్ని కాను. ఆకాశంలో ముక్క తగ్గితే ఎవరూ పట్టించుకోరు. కానీ మొత్తం అన్నీ తగ్గాయి. వాటి బదులు రెండు పలచని పుస్తకాలు, మడత పెట్టిన పటం, ఒక చిన్న సంచిలో ప్లాస్టిక్ రాళ్ళు ఉన్నాయి. రాళ్ళ మీద అంకెలు చెక్కారు కానీ రంగు వెయ్యడం మరిచిపోయారు. ఏ రెండూ ఒక ఆకారంలో లేవు. వాటిని ఎలా పేర్చినా కోట కాదు. ఆర్వో సాయంత్రమంతా ప్రయత్నించాడు.

సంచిలో తెల్ల మైనపు పెన్సిల్ ముక్క కూడా దొరికింది. మీ దగ్గర పనిచేసేవాళ్ళ బిడ్డ ఎవరిదో జారిపడినట్టుంది. ఈ కవరులోనే తిరిగి పంపుతున్నాను. పాపం ఏడుస్తూ ఉంటుంది.

దయచేసి ముక్కలు పంపండి. మాకు మంచు మొదలైంది.

ఇట్లు,
ఐలి కోస్కెలా

తా.క. పుస్తకం మొదటి పేజీలో "నువ్వు చీకట్లో నిలబడి ఉన్నావు, చలిగా ఉంది" అని రాశారు. నవంబరులో మా ఊరివాళ్ళకి ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.


రసీన్, విస్కాన్సిన్
నవంబరు 12, 1985

గౌరవనీయులైన శ్రీమతి కోస్కెలా గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం మా విభాగానికి అందింది. మా విభాగం అంటే నేనే.

మీకు కలిగిన నిరాశకు చింతిస్తున్నాము. అయితే ఇది ముక్కలు పేర్చే బొమ్మ కాదండీ. కథలాడే ఆట. నలుగురైదుగురు టేబుల్ చుట్టూ కూర్చుంటారు. ఒకరు ఆట నడుపుతారు: ఎదురుగా ఏముందో, ఎవరు వస్తున్నారో ఆ మనిషి చెబుతారు. మిగతావాళ్ళు తలో పాత్ర పెట్టుకుని, ఆ చోట తామైతే ఏం చేస్తారో చెబుతారు. ఫలించిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. మీరు రాళ్ళన్నవి పాచికలే. ఆ మైనం వాటి అంకెల మీద రుద్దడానికి. రుద్ది గుడ్డతో తుడిస్తే అంకెలు తెల్లగా కనిపిస్తాయి. అది ఏ బిడ్డదీ కాదు. అందుకని తిరిగి పంపుతున్నాను.

నచ్చకపోతే పెట్టెను వెనక్కి పంపేయవచ్చు. కానీ పంపే ముందు ఒకసారి అన్నీ బయటికి తీసి, మళ్ళీ సర్ది, మూత పెట్టి చూడండి. ఇది కంపెనీ మాట కాదు, నాది. పుస్తకం ఒక్కటే అయితే చదివి అరలో పెడతాం. పెట్టె అలా కాదు. మనం ఎక్కడికో బయల్దేరబోతుంటే ఇంట్లో ఎవరో ముందే సామాను సర్ది గుమ్మం దగ్గర పెట్టినట్టుంటుంది.

భవదీయుడు,
రసెల్ డ్రహోస్
ఫిర్యాదులు, విడి భాగాలు

తా.క. మా గది గోదాము కింద ఉంటుంది. పైన పైపు కారుతోంది. ఈ కాగితం మీద మరకలు కన్నీళ్ళని అనుకోకండి.


బెస్సిమర్
డిసెంబరు 9, 1985

డ్రహోస్ గారికి,

నేను శ్రీమతిని కాను. పెళ్ళి చేసుకోలేదు. దానికి మీరు చింతించనక్కర్లేదు.

ఆర్వో దేన్నీ పారేయనివ్వడు. ముక్కలు లేకపోతే పోనీలే అని రెండు పుస్తకాలూ చదివాడు. చదివి, "నువ్వే నడుపు, నాకు మాటలు రావు" అని నా ముందు పెట్టాడు. నేను టెలిఫోన్ ఎక్స్‌చేంజ్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఊళ్ళో అందరి గొంతులూ నాకు వచ్చు. కనక ఒప్పుకున్నాను. పక్కింటి లెంపి సారి వస్తోంది. ఆమె భర్త పోయాక గురువారాలు ఆమెకి ఏమీ తోచదు. మా లూథరన్ చర్చి పాస్టర్ నియెమీ గారు ఇది సైతాను ఆటేమో చూడాలని వచ్చారు. చూశారు. ఇప్పుడు ప్రతి గురువారం ఆయనే ముందొస్తున్నారు.

ఇంతలో ఇలా జరిగింది. మొన్న గురువారం ఆర్వో పోయాడు. నేలమాళిగలోకి దిగుతూ గోతిలో పడ్డాడు. తాడు లెంపి చేతిలోనే ఉంది. వదిలేసింది. ఎందుకు వదిలావే అంటే ఇంకో ముక్క నిసు, అదే, ఏలకుల తీపి రొట్టె అడిగింది. పాస్టర్ గారు దిగి ప్రార్థన చేస్తారనుకున్నాం. ఆయన దిగి ముందు జేబులు వెతికారు. తర్వాత ఆర్వో బూట్లు విప్పి తీసుకున్నారు.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మీ పుస్తకంలో లేదు. ఒకరు పోతే మిగతావాళ్ళు ఆడుతూ ఉండవచ్చా?

ఇట్లు,
ఐలి కోస్కెలా

తా.క. బూట్లు పాస్టర్ గారికి సరిపోలేదు. అయినా తిరిగి ఇవ్వడం లేదు.


రసీన్
డిసెంబరు 13, 1985

గౌరవనీయులైన కోస్కెలా గారికి,

మీ ఉత్తరం చదివి చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. మీ అన్నయ్య గారి మరణానికి నా తరఫున, కంపెనీ తరఫున ప్రగాఢ సంతాపం.

ఈ ఆట కుర్చీల్లో కూర్చుని ఆడవలసినదని మొదటి ఉత్తరంలోనే గట్టిగా రాయనందుకు నన్ను నేను క్షమించుకోలేను. పుస్తకంలోని నేలమాళిగ ఊహలోది. గొయ్యి ఊహలోది. తాడు కూడా. మీ ఇంటి నేలమాళిగలోకి ఇకపై ఎవరినీ దింపకండి. ఈ మాట రాయమని మా లాయరు గారు నా వెనక నిలబడి ఉన్నారు.

పోలీసులకు చెప్పారా? లెంపి గారితో మీరు ఒంటరిగా ఉండకపోవడం మంచిది. పాస్టర్ గారి విషయంలో నాకు మాటలు రావడం లేదు. మీరు అడిగిన దానికి జవాబు: ఆడకూడదు.

కంపెనీ తరఫున పూలచక్రం పంపుతున్నాము.

దుఃఖంతో,
రసెల్ డ్రహోస్

తా.క. కొత్త పెట్టెల మూత మీద "కూర్చుని ఆడవలెను" అని ముద్రించే విషయం పరిశీలిస్తున్నారు.


బెస్సిమర్
జనవరి 6, 1986

డ్రహోస్ గారికి,

పూలచక్రం క్షేమంగా అందింది. ఆర్వోయే సంతకం పెట్టి తీసుకున్నాడు.

రిబ్బను మీద తన పేరు, కింద "శాంతి కలుగుగాక" అని చదువుకుని గుమ్మంలోనే కాసేపు నిలబడ్డాడు. తెచ్చినవాడు తలుపు మూసుకోమని చెప్పాల్సి వచ్చింది. తర్వాత లోపలికొచ్చి, "నాకెవరూ పూలు పంపలేదు ఇంతవరకు" అన్నాడు. వంటింట్లో మేకు కొట్టి తగిలించాడు. తీసేయమంటే తియ్యడం లేదు. దాని కింద కూర్చునే కాఫీ తాగుతున్నాడు.

తప్పు నాదే, వివరంగా రాయాల్సింది. పోయింది ఆటలో ఆర్వో. తన పాత్రకి పేరు పెట్టుకోమంటే తన పేరే పెట్టుకున్నాడు. ఈ వయసులో ఇంకొకరి పేరు చెప్పుకుని తిరగడం తనకు చేతకాదట. ఆ ఆర్వో గొడ్డలి పట్టుకున్న మరుగుజ్జు యోధుడు. అతను పోయాక రెండో మరుగుజ్జును తయారు చేశాడు. వాడి పేరూ ఆర్వోయే. వాణ్ణి తోడేళ్ళు తినేశాయి. ఇప్పుడు మూడో ఆర్వో నడుస్తున్నాడు.

పెట్టె విషయంలో మీరు చెప్పింది నిజమే. గురువారం భోజనం అయ్యాక ఆర్వో దాన్ని టేబుల్ మధ్య పెడతాడు. మూత గబుక్కున తియ్యడు. రెండు వైపులా వేళ్ళతో పట్టుకుని మెల్లగా లేపుతాడు. లోపలి గాలి ఉస్సురని బయటికొస్తుంది. ఆ శబ్దం అయ్యేదాకా లెంపి కూడా నోరు మూసుకుంటుంది. తర్వాత పటం, తర్వాత పుస్తకాలు, చివరికి పాచికలు. ఆట అయ్యాక ఉన్న చోటే మళ్ళీ సర్దుతాడు. ఇంట్లో తన కోటు ఎక్కడుంటుందో తెలియని మనిషి.

ఇంకో సంగతి. ఆర్వో మాట్లాడడు. కోపం కాదు, అలవాటు. రోజుకి "కాఫీ ఉందా", "మంచు పడుతోంది", అంతే. మరుగుజ్జు మాత్రం మాట్లాడతాడు. కిందటి వారం ఒక వంతెన కాపలావాడితో పొద్దుపోయేదాకా వాదించాడు. ఆ కాపలావాణ్ణి నేనే. మా అన్నయ్యతో నేను అంతసేపు మాట్లాడటం జ్ఞాపకం లేదు.

ఇట్లు,
ఐలి కోస్కెలా

తా.క. మీ లాయరు గారికి చెప్పండి, మేము మొదటి నుంచీ కూర్చునే ఉన్నాం.


రసీన్
జనవరి 14, 1986

ఐలి గారికి,

నమస్కారాలు. ఆర్వో గారు బతికే ఉన్నందుకు ఎంత సంతోషించానో రాయలేను. లాయరు గారు కూడా సంతోషించారు, వేరే కారణంతో.

ఆఫీసులో నన్ను చూసి నవ్వనివాళ్ళు లేరు. పై అంతస్తు వాళ్ళు నా గది గోడకి ఒక కాగితం అంటించారు. "ఆర్వో మరణాలు" అని పేరు పెట్టారు. గొయ్యి, తోడేళ్ళు వరకు రాశారు. మూడో ఆర్వో ఎలా ఉన్నాడని రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు. ఇకపై ఆయన మరణవార్తను ధైర్యంగా అందుకుంటానని మాట ఇస్తున్నాను.

ఇక్కడ మిగతా కబుర్లు అంత బాగా లేవు. పెట్టెలు మానేసి లావుపాటి పుస్తకం ఒక్కటే వేద్దామని యజమాని అంటున్నారు. పెట్టెలో సగం గాలే ఉందట, గాలిని లారీల్లో మోయడం ఎందుకట. నేను చెయ్యెత్తి, ఆ గాలే కదండీ జనం కొంటారు అన్నాను. ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు.

మీ కోసం ఒక కొత్త కథ పుస్తకం జత చేశాను. అందులో నది ఉంది. జాగ్రత్త.

మీ
రసెల్

తా.క. మా పాత ఆట బృందంలో ఇద్దరికి పెళ్ళయింది, ఒకడు సైన్యంలో చేరాడు. నేనొక్కణ్ణే పెట్టె తెరిచి మూసేస్తుంటాను. మీ ఉత్తరాలు వస్తే ఆ రోజు గడిచిపోతుంది.


బెస్సిమర్
ఫిబ్రవరి 17, 1986

రసెల్ బాబుకి,

మూడో ఆర్వో పోయాడు. బండ మీద పడింది. దానికి ఎవరూ బాధపడలేదు, అతను అయిదు నిమిషాల్లో నాలుగోవాణ్ణి తయారు చేశాడు. రాయాలనుకున్నది అది కాదు.

నీ నది దగ్గరికి వచ్చాం. పుస్తకంలో పడవవాడు బంగారం అడుగుతాడని ఉంది. పాస్టర్ గారి పాత్ర దొంగ. బంగారం అడిగితే ఆయన ఎలాగూ పడవవాణ్ణే దోచుకుంటారు. అందుకని నేను మార్చాను. పడవవాడి గొంతుతో, "బంగారం వద్దు, ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్పండి, దాటిస్తాను" అన్నాను. లెంపి ఏదో అబద్ధం కల్పించి చెప్పింది. పాస్టర్ గారు చెప్పింది ఉత్తరంలో రాయకూడదు.

ఆర్వో వంతు వచ్చేసరికి కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఈ మధ్య సోఫాలోంచి లేవడం లేదు, పాచికలు కూడా రొట్టె పళ్ళెంలోనే వేస్తున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను. అప్పుడు మరుగుజ్జు గొంతు కూడా పెట్టకుండా చెప్పాడు.

"మన ఫిన్లాండ్ వాళ్ళ హాల్లో డాన్సు. ఒకామెను అడుగుదామని గోడ పక్కన నిలబడ్డాను. పాట అయిపోయింది. ఇంకో పాట మొదలైంది. నేను అలాగే నిలబడ్డాను. వేరేవాడొచ్చి అడిగాడు. వాణ్ణే చేసుకుంది."

ఎవరామె అని పడవవాడు అడిగాడు.

"మరుగుజ్జుల్లో ఒకామెలే" అన్నాడు ఆర్వో.

లెంపి అప్పుడే పాచికలు వేయబోతోంది. వెయ్యలేదు. అరచేతిలోనే పట్టుకుని ఆర్వో వైపు కాకుండా నా వైపు చూస్తూ అంది: "ఓ పడవవాడా, అతనితో చెప్పు. ఆ మరుగుజ్జామె ఆ పూటంతా గోడ వైపే చూస్తూ ఉందని. చూసి చూసి కాళ్ళు నొప్పెట్టి, ఎవరు పిలిస్తే వాళ్ళతో లేచిందని."

ఆ తర్వాత నేను పాచికలు వెయ్యమనలేదు. పడవ దాటించేశాను. పాస్టర్ గారు తన కప్పు తానే కడిగిపెట్టి వెళ్ళారు.

నా ప్రశ్న ఇది. మీ ఆటలో మరుగుజ్జు యోధుడు పెళ్ళి చేసుకోవచ్చా? పుస్తకంలో గొడ్డలి ఎంత బరువో ఉంది, ఇది లేదు. లెంపి పాత్ర మంత్రగత్తె, అతనికంటే బాగా పొడుగు.

ఐలి

తా.క. ఇప్పుడు లెంపి సోమవారం కూడా వస్తోంది. పిండి జల్లెడ అడగడానికని చెబుతుంది. ఆ జల్లెడ ఆమెదే.


రసీన్
ఫిబ్రవరి 24, 1986

ఐలి గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం నేను ఆఫీసులో ఎవరికీ చూపించలేదు. గోడ మీద కాగితంలో "బండ" అని మాత్రం రాయించాను.

మీ ప్రశ్నకు జవాబు: చేసుకోవచ్చు. నియమాలు రాసినవాళ్ళెవరికీ పెళ్ళి కాలేదు, అందుకే మరిచిపోయి ఉంటారు. పొడుగు అడ్డు కాదు. అనుమతి కాగితం కంపెనీ ముద్ర వేసి మరీ పంపుతున్నాను, ఆర్వో గారికి చూపించండి. లెంపి గారికీ చూపించండి, ముందుగా ఆమెకే చూపించండి.

మరీ ఆలస్యం చేయవద్దని చెప్పండి. నాలుగో ఆర్వో ఎన్నాళ్ళుంటాడో ఎవరికి తెలుసు?

ఇక్కడ యజమాని నిర్ణయించేశారు. పెట్టెలు ఇక లేవు.

మీ
రసెల్

తా.క. పైపు కింద పెట్టిన బకెట్ కూడా కారుతోంది.


బెస్సిమర్
మార్చి 12, 1986

రసెల్ బాబుకి,

ఆర్వో పోయాడు. మంగళవారం.

ఎత్తైనదేదో ఎక్కుతున్నట్టు ఊపిరి పీల్చాడు. తర్వాత ఆగిపోయాడు. లెంపి ఈసారి చెయ్యి వదల్లేదు. పాస్టర్ గారు వచ్చారు కానీ అప్పటికే ఆలస్యమైంది.

ఏం చెయ్యాలో తోచక నీకు రాస్తున్నాను.

ఐలి


రసీన్
మార్చి 17, 1986

ఐలి గారికి,

నమస్కారాలు. నాలుగో ఆర్వో కూడా వెళ్ళిపోయాడన్నమాట. ఆఫీసులో అందరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. ఈ కంపెనీలో నెల రోజులుగా ఎవరూ ఏ కారణానికీ చప్పట్లు కొట్టలేదు. ఆర్వో గారికి మా కృతజ్ఞతలు చెప్పండి.

మంగళవారం కూడా ఆడుతున్నారన్నమాట. గురువారం ఒక్కటీ సరిపోవడం లేదా? లెంపి గారు చెయ్యి వదల్లేదంటే ఆమెలో ఎంత మార్పు. పాస్టర్ గారు ఆలస్యంగా రావడం మంచిదైంది, బూట్లు మిగిలి ఉంటాయి. దేన్నో ఎక్కుతూ పోయాడని రాశారు, కోట గోడ అయి ఉంటుందని ఇక్కడ అందరూ అనుకుంటున్నారు. కాగితం మీద అదే రాశాం.

ఏం చెయ్యాలో తోచలేదని రాశారు. చాలా తేలిక. కొత్త పాత్ర కాగితం జత చేశాను. పేరు చోట ఆర్వో అని నేనే నింపాను. ఈసారి ఆయన్ని మంత్రగాడిగా చేసి చూడండి. మంత్రగాళ్ళు ఇంకా త్వరగా పోతారు.

మీ
రసెల్

తా.క. ఈసారి మీరు తా.క. రాయలేదు. కాగితం అయిపోయిందా?


బెస్సిమర్
మార్చి 26, 1986

రసెల్ బాబుకి,

పోయింది మా అన్నయ్య. గని దుమ్ము ఊపిరితిత్తుల్లో ఎప్పటి నుంచో ఉందట. అతను చెప్పలేదు. చెప్పే మనిషి కాదు.

నువ్వు కుంగిపోకముందే మిగతాది రాస్తాను. నీ ఉత్తరం అంత్యక్రియల రోజునే వచ్చింది. చర్చి కింద హాల్లో జనం కాఫీ తాగుతున్నారు. కవరు మీద కంపెనీ పేరు చూసి, పూలచక్రం పంపినవాళ్ళు సంతాపం రాశారని పాస్టర్ గారు లేచి నిలబడి పైకి చదివారు. చప్పట్ల దాకా వచ్చాక ఆయన గొంతు తగ్గింది. కానీ మా ఊళ్ళో మొదలుపెట్టింది మధ్యలో ఆపరు. బూట్ల సంగతి కూడా చదివారు. మంత్రగాళ్ళు త్వరగా పోతారన్నదీ చదివారు.

జనం కప్పులు కింద పెట్టేశారు. అప్పుడు లెంపి నవ్వింది. నోటికి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగేదాకా నవ్వింది. ఆ మంగళవారం నుంచి ఆమె ఏడవలేదు, సరిగా తినలేదు. ఆ నవ్వు ఏడుపై, ఏడుపు అయ్యాక రొట్టె అడిగింది. కనక నువ్వు చేసింది తప్పే, కానీ ఎవరూ నీకు కోపగించలేదు. నేను రెండు రోజులు కోపగించాను. అయిపోయింది.

నీ ముద్ర వేసిన అనుమతి కాగితం ముందు లెంపికే చూపించాను. తన చేత్తో ఆర్వోకి ఇచ్చింది. అతను చదివి మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ చొక్కాతోనే పంపించాం.

లెంపి ఆట పెట్టెను కూడా శవపేటికలో అతని చేతుల కింద పెట్టేసింది. నన్ను అడగలేదు. ఇక్కడ నేల గడ్డకట్టి ఉంది, మే దాకా తవ్వలేరు. అప్పటిదాకా పేటికలన్నీ శ్మశానం దగ్గర గదిలో ఉంచుతారు. ఇప్పటికీ పెట్టెను తెచ్చుకోవచ్చని పాస్టర్ గారు మెల్లగా అన్నారు. లెంపి ఆయన వైపు చూసింది. మళ్ళీ అనలేదు.

ఇప్పుడు గురువారం ముగ్గురం కూర్చుంటున్నాం. టేబుల్ మధ్య ఏమీ లేదు. కాఫీ కూజా చూస్తూ కూర్చుంటే ముగ్గురం ముసలివాళ్ళమని తెలిసిపోతోంది. ఇంకో పెట్టె పంపు. లావు పుస్తకం వద్దు. పుస్తకానికి మూత ఉండదు.

ఐలి

తా.క. నువ్వు నింపి పంపిన పాత్ర కాగితం పారేయలేదు. పారేయడానికి చెయ్యి రాలేదు.


రసీన్
ఏప్రిల్ 4, 1986

ఐలి గారికి,

ఈ ఉత్తరం రాయడం ఇది ఆరోసారి. మిగతావి చింపేశాను. క్షమించమని అడగడానికి కూడా ముఖం లేదు. గోడ మీద కాగితం తీసేశాను. ఎందుకని అడిగినవాళ్ళకి చెప్పాను. చప్పట్లు కొట్టినవాళ్ళు ఒక్కొక్కరే కిందికొచ్చి, నా తలుపు దగ్గర కాసేపు నిలబడి వెళ్ళారు.

పెట్టె గురించి. గోదాము ఖాళీ చేసేశారు. ఒక్కటి కూడా మిగల్లేదు. దుకాణాల్లో అడిగాను, లేవు. మా విభాగాన్ని కూడా ఎత్తేశారు. విడి భాగాలే లేనప్పుడు ఫిర్యాదులెందుకని అన్నారు. ఈ శుక్రవారంతో నా పని అయిపోయింది. కెనోషాలో మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతున్నాను.

అయినా మీకు పెట్టె వస్తుంది. ముందు హాల్లో అద్దాల బీరువాలో ఒకటి ఉంది. మొట్టమొదటిది, సీలు కూడా తియ్యనిది. వచ్చినవాళ్ళందరికీ యజమాని దాన్ని చూపించి, "ఇందులో ఒక లోకం ఉంది" అంటుంటారు. ఎవరినీ ముట్టుకోనివ్వరు. దాన్ని తీశాను. బీరువాకి తాళం కూడా వేసి లేదు. మంచి బరువుంది, అన్నీ నిండుగా ఉన్నట్టున్నాయి. ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. ఏమైనా అంటే ఎవరిని అంటారు, నేను అప్పటికి ఉండను.

లెంపి గారికి నా నమస్కారాలు.

మీ
రసెల్

తా.క. ఆర్వో గారిని నేను ఒక్కసారీ చూడలేదు. అయినా రోజూ గుర్తొస్తున్నారు. ఇది మీకు చెప్పవచ్చో లేదో తెలియదు.


బెస్సిమర్
ఏప్రిల్ 21, 1986

రసెల్ బాబుకి,

చెప్పవచ్చు.

పెట్టె వచ్చింది. గురువారం దాకా ఎవరమూ తెరవలేదు. టేబుల్ మధ్య పెట్టి, మూత ఎవరు తియ్యాలని కాసేపు ఒకరినొకరం చూసుకున్నాం. చివరికి లెంపి తీసింది. తొందరపడకుండా, రెండు వైపులా పట్టుకుని తీసింది.

లోపల ఇటుక ఉంది.

నువ్వు కంగారు పడకు. నిజంగా ఇటుకే, ఎర్రది, పాత వార్తాపత్రికలో చుట్టి ఉంది. దాని చుట్టూ నలిపిన కాగితం కూరారు. పుస్తకాలు లేవు, పటం లేదు, పాచికలు లేవు. బీరువాలో పడిపోకుండా నిలబడటానికి బరువు పెట్టినట్టున్నారు. మీ యజమాని ఇన్నాళ్ళూ ఇటుకను చూపించి లోకం అన్నాడు. పాపం, ఆయనకి తెలుసో లేదో.

పాస్టర్ గారు కళ్ళు మూసుకున్నారు. లెంపి ఇటుకను రెండు చేతులతో బయటికి తీసి, తిప్పి చూసి, "ఆర్వోయే వచ్చాడు. చూడు, మాటా లేదు, పలుకూ లేదు" అంది. దాన్ని అతని సోఫాలో పెట్టబోయింది. నేను వద్దన్నాను. దేనికైనా ఒక హద్దుంటుంది.

ఖాళీ పెట్టె అలా నోరు తెరుచుకుని ఉంటే చూడలేకపోయాం. నియమాలన్నీ తనకు గుర్తున్నాయని పాస్టర్ గారన్నారు. చెప్పమంటే, దొంగలకు లాభించేవి మాత్రమే గుర్తున్నాయి. అలా లేదని లెంపి అంది. లెంపికి గుర్తున్నది నాకు గుర్తున్నట్టు లేదు. పోట్లాట మొదలైంది. ఆర్వో పోయాక మేం ఒకరి మీద ఒకరం గొంతు ఎత్తడం అదే మొదటిసారి. బయట చీకటి పడింది, ఎవరూ దీపం వెయ్యలేదు. ఒప్పుకున్న నియమం ఒక్కొక్కటే కాగితం మీద రాసి పెట్టెలో వేస్తున్నాం. పాస్టర్ గారు చర్చి ప్రకటనల కాగితం వెనక పటం గీశారు. నది తప్పు దిక్కున పారుతోంది, మార్చనివ్వడం లేదు. పాచికల బదులు లెంపి బొత్తాల డబ్బా తెచ్చింది, ఒక్కో బొత్తానికి ఒక అంకె అనుకున్నాం. పెట్టెలో ఇప్పుడు పట్టడం లేదు. మూత మీద చెయ్యి పెట్టి నొక్కాల్సి వస్తోంది.

నీ పని పోయిందని రాశావు. ఇక్కడ కూడా పనులేమీ లేవు, మూడు గనులూ మూసేశారు, యువకులు వెళ్ళిపోతున్నారు. మే చివరిదాకా మంచు ఉంటుంది, ఆ తర్వాత దోమలు. ఏ రకంగానూ బాగుండదు. కానీ మేడ మీద గది ఖాళీగా ఉంది. సౌనా, అంటే ఆవిరి స్నానం, శనివారాలు. బస్సు పక్క ఊరు హర్లీ దాకా వస్తుంది, అక్కడి నుంచి పాస్టర్ గారు తీసుకొస్తారు. ఆయన కారు ఎక్కేముందు జేబులు చూసుకో.

మే నెలలో తవ్వుతారు. అప్పటికి వస్తే పక్కన నిలబడటానికి ఒక మనిషి ఉంటాడు. మీ అమ్మ గారికి నమస్కారాలు చెప్పు.

మీ
ఐలి

తా.క. ఇటుకను లెంపి తన ఇంటికి తీసుకుపోయింది. పొద్దుటి నుంచి పొయ్యి మీద ఉంచి, పడుకునే ముందు ఫ్లానెల్ గుడ్డలో చుట్టి, పక్కలో కాళ్ళ దగ్గర పెట్టుకుంటోంది. తెల్లవారేదాకా వెచ్చగానే ఉంటుందట. మీ యజమాని ఇటుక కావాలని అడిగితే, నువ్వే లెంపికి ఉత్తరం రాయి. నేను అడగను.